బద్ధకించిన పాదం

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఏడు నిజంగానే పగిలేట్టు కాసింది ఎండ. తెనాలిలో మా ఇంటి డాబా రాత్రి తొమ్మిదింటికి కూడా కాలు మోపితే చురుక్కుమనేది. అలాంటి ఒక రాత్రి నేను దుప్పటి కప్పుకుని, మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని, "ఏమండీ, ఆ ఫ్యాను ఆపండి" అన్నాను. మా ఆయన చెమటతో తడిసిన తుండు భుజాన వేసుకుని కూర్చుని ఉన్నారు. ఒక్క క్షణం నా వంక చూశారు. ఏమీ అనకుండా లేచి ఫ్యాను ఆపి, చాప తీసుకుని డాబా మీదికి వెళ్లిపోయారు. కోపగించుకోలేదు. అయినా నాకు ఏడవాలనిపించింది. ఏడుపు రాలేదు. ఆ రోజుల్లో నాకు ఏడుపు కూడా వచ్చేది కాదు.

అప్పటికి నాకు నలభై రెండేళ్లు. హైస్కూల్లో తెలుగు చెబుతాను. నాకు వచ్చిన జబ్బు ఒకనాడు వచ్చి మీద పడేది కాదు, చెరువులో నీరు ఇంకినట్టు వచ్చింది. ఏ రోజుకారోజు చూసుకుంటే నిన్నటిలాగే ఉంటుంది. గట్టు మీద పాత నీటి మరక కంటపడ్డప్పుడు గానీ ఎంత దిగిపోయామో తెలియదు. ఆ మరకలు నాకు చాలాసార్లే కనిపించాయి. జబ్బని మాత్రం అనుకోలేదు.

పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ ధనుర్మాసంలో మా వాకిట్లో పెద్ద ముగ్గు నాదే. ఇరవై ఒక్క చుక్కలు, పదకొండు వరకు సందు చుక్క. ఆ ఏడు వరసలు పెడుతుంటే మధ్యలో లెక్క తప్పింది. చెరిపి మళ్లీ పెట్టాను. మళ్లీ తప్పింది. మూడోసారి ముగ్గు గిన్నె పక్కన పెట్టి మెట్టు మీద కూర్చుండిపోయాను. తెల్లారి వీధిలో జనం తిరగడం మొదలయ్యేదాకా అక్కడే ఉన్నాను. ఇంకోరోజు పొయ్యి మీద పాలు పొంగొస్తున్నాయి. గిన్నె దించాలి. పట్టకారు అన్న మాట నోటికి రావడం లేదు. "అది అందుకోవే, అదే, అది..." అంటూ మా అమ్మాయి ముందు చేతులాడిస్తూ నిలబడ్డాను. అది తెల్లబోయి చూస్తోంది, పాలు పొంగి పోతున్నాయి. తరగతిలో ఇంకా అన్యాయం. పదిహేడేళ్లుగా ఏటా చెప్పే ఆటవెలది. రెండు పాదాలు చెప్పాను, మూడో పాదం రాలేదు. ముందు బెంచీలో పిల్ల మెల్లగా అందించింది. ఎవరూ నవ్వలేదు. పిల్లలు నవ్వకుండా ఊరుకున్నారంటే నన్ను చూసి వాళ్లకు జాలేసిందన్నమాట. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండెలో కలుక్కుమంటుంది.

నిదానించిన మనిషిని అనడానికి మన భాషలో ఎన్ని మాటలున్నాయో అప్పుడు లెక్కకొచ్చింది నాకు. బద్ధకం, సోమరితనం, మందకొడి, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది, దున్నపోతు మీద వాన పడ్డట్టుంది. భాష చెప్పుకుని బతికేదాన్ని, వాటిని తడుముకుంటుంటే ఒక సంగతి తగిలింది. ఇన్ని మాటల్లో ఒక్కటి కూడా ఒంటి గురించి మాట్లాడదు. అన్నీ బుద్ధిని పట్టుకునేవే, అన్నీ తీర్పులే. అత్తయ్య పైకి పెద్దగా ఏమీ అనేది కాదు. "ఇదివరకు ఇలా ఉండేదానివి కాదు అమ్మాయ్" అనేది, అంతే. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే నేనూ అదే అనుకుంటున్నాను. ఇదివరకు మంచిదాన్ని, ఇప్పుడు చెడ్డదాన్నయ్యాను. దిద్దాల్సిన పేపర్ల కట్ట బల్ల మీద వారాల తరబడి పడి ఉంటే, అది నా చేతకానితనానికి సాక్ష్యం. చీరలు బిగుతవుతుంటే అది నా నోటి కట్టుబాటు లేనితనం. దువ్వెన నిండా జుట్టు వస్తుంటే, మనసు బాగా లేని ఆడదానికి జుట్టు నిలుస్తుందా అనుకున్నాను. ప్రతిదానికీ ముద్దాయిని నేనే, తీర్పరినీ నేనే.

ఆ మధ్యలో మా నాన్న పోయారు. కార్తిక మాసం. వాకిట్లో పడుకోబెట్టారు. తమ్ముడు నేల మీద పొర్లి ఏడుస్తున్నాడు. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. నాకు కావలసిందల్లా పడుకోవడం. నాన్న పోయారన్న సంగతి నాకు తెలుసు, కానీ అది పక్కింట్లో జరిగినట్టు తెలుసు. వెనక నుంచి ఎవరో అన్నారు, "కన్నతండ్రి పోతే కంట చుక్క లేదు, ఏం గుండో." విన్నాను. నిజమే కదా అనుకున్నాను.

డాక్టరు దగ్గరికి వెళ్లకపోలేదు. నా వంక సరిగా చూడకుండానే, "ఈ వయసులో ఆడవాళ్లకి ఇవన్నీ మామూలే, టెన్షన్ తగ్గించుకోండి" అని, బలానికి టానిక్కు, నిద్రకు మాత్ర రాశారు. రోజుకు పది గంటలు పడుకుని కూడా అలసటతో లేచేదాన్ని. ఆ ఒక్క ముక్క అడిగి ఉంటే నిద్రమాత్ర రాసేవారు కాదు. ఒక రక్తపరీక్ష రాసి ఉంటే నాకు ఏడాదిన్నర మిగిలేది. ఆ ఏడాదిన్నరలోనే మా నాన్న పోయారు.

పట్టుకున్నది మా పిన్ని. ప్రభుత్వాసుపత్రిలో ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైంది. పగలు పదకొండింటికి ఫోన్ చేసి, "ఏమే, నిద్రలేపానా?" అంది. లేదు పిన్నీ, మేలుకునే ఉన్నానన్నాను. "మరి గొంతేమిటే అలా మొద్దుబారింది? జలుబా?" లేదన్నాను. ఇంకో రెండు ముక్కలు మాట్లాడించింది. ఎందుకు మాట్లాడిస్తోందో అప్పుడు తెలియలేదు. నా గొంతే వింటోంది. మర్నాటి బస్సుకి వచ్చింది. కాఫీ కూడా తాగకుండా నా చెయ్యి పట్టుకుని, గోడ గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టింది. యాభై రెండు. ముంజేతి మీద గరుకుదేలిన తోలు రుద్ది చూసింది. కనుబొమల చివర్లు పల్చబడ్డాయని అద్దంలో చూపించింది. నేను రోజూ బొట్టు పెట్టుకునే అద్దమే. "నీకు చలేస్తోందా?" అని అడిగింది. ఆ మూడేళ్లలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు.

గుంటూరులో ఎండోక్రైనాలజిస్టు ఒక పెద్దాయన. నన్ను కుర్చీ మీద మోకాళ్ల మీద కూర్చోమన్నారు, పాదాలు అంచు దాటి వేలాడేట్టు. చిన్న రబ్బరు సుత్తితో మడమ పైన, లావుపాటి నరంలా తగిలే చోట, మెల్లగా కొట్టారు. నేను తల తిప్పి చూస్తున్నాను. పాదం వెనక్కి తన్నినట్టు ఠక్కున కదిలింది. తిరిగి తన చోటికి రావడానికి మాత్రం, రాలేక రాలేక, ఎంతో తీరిగ్గా దిగింది. ఆయన మా ఆయన్ని దగ్గరికి పిలిచి మళ్లీ కొట్టి చూపించారు. "చూశారా, బిగియడం మామూలుగానే ఉంది. వదలడానికే ఆలస్యం. ఒళ్లంతా ఇలాగే నడుస్తోంది, మెదడుతో సహా."

ఆ పాదం వంక అలాగే చూస్తుండిపోయాను. బద్ధకించింది నా పాదం. పాదానికి బుద్ధి ఉండదు. అత్తగారంటే లెక్కలేనితనం, తండ్రి మీద ప్రేమ లేకపోవడం, పని తప్పించుకునే గుణం పాదానికి ఉండవు. మూడేళ్లుగా నేను నా స్వభావమనుకుని సిగ్గుపడుతున్నది ఒక కండరంలో, నా ప్రమేయం లేకుండా, కళ్లెదుట జరుగుతోంది. ఆ కుర్చీ మీద, అటు తిరిగి మోకరించి ఉండగానే, నా చెంపలు తడిశాయి.

రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ 84 వచ్చింది. మామూలుగా సుమారు 0.4 నుంచి 4 దాకా ఉండాలి. ఇక్కడ చాలామంది తికమకపడతారు, అంకె ఎక్కువైతే థైరాయిడ్ ఎక్కువైందనుకుంటారు. టీఎస్‌హెచ్ థైరాయిడ్ గ్రంథి తయారుచేసేది కాదు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి, గొంతు ముందున్న థైరాయిడ్‌ని పని చెయ్యమని వేసే కేక అది. ఆవలివాళ్లు పలుకుతుంటే మెల్లగా పిలిస్తే చాలు. పలకకపోతే గొంతు పెంచాలి. నా ఒంట్లో ఆ పిలుపు ఇరవై రెట్లు పెరిగింది. పలకాల్సింది పలకడం లేదు. ఎందుకంటే నా ఒంటి రక్షణ వ్యవస్థే దాన్ని పరాయిదనుకుని నమిలేస్తోంది. 1912లో హకారు హషిమోటో అనే జపాను డాక్టరు నలుగురు ఆడవాళ్ల గ్రంథుల్ని సూక్ష్మదర్శినిలో చూసి రాసిన జబ్బు ఇది. ఇప్పటికీ ఆయన పేరే. ఆడవాళ్లలో మగవాళ్ల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. మన దేశంలో హైదరాబాదుతో కలిపి ఎనిమిది నగరాల్లో పెద్దవాళ్లను పరీక్షించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, థైరాయిడ్ మందగించినవాళ్లు దాదాపు 11 శాతం తేలారు. అందులో మూడో వంతు మందికి, ఆ పరీక్ష దాకా, ఆ సంగతే తెలియదు. ఆ మూడో వంతు మందిని ఇంట్లో ఏమని పిలుస్తున్నారో నాకు తెలుసు.

జబ్బు తెలిశాక పుస్తకాలు వెతుక్కుని చదివాను. నాకు ముందు ఇలా ఉన్నవాళ్లు ఎవరో, ఏమయ్యారో తెలుసుకోవాలనిపించింది. 1873లో విలియం గల్ అనే లండన్ డాక్టరు నడివయసు ఆడవాళ్లలో ఈ మార్పును రాసి పెట్టాడు. మందు మాత్రం లేదు. 1891లో ఇంగ్లండులో న్యూకాజిల్‌లో జార్జ్ మర్రే అనే యువ డాక్టరు నలభై ఆరేళ్ల ఆవిడకు గొర్రె థైరాయిడ్ నుంచి తీసిన రసం ఇంజెక్షన్‌గా ఇచ్చాడు. ఆవిడ లేచి తిరిగింది. ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్లు బతికి, డెబ్భై నాలుగో ఏట 1919లో పోయింది. ఆ ఒక్క మనిషిని నిలబెట్టడానికి 870కి పైగా గొర్రెల గ్రంథులు పట్టాయని మర్రే తరువాత లెక్క రాశాడు. ఆ అంకె చదివిన రాత్రి నా మాత్రల డబ్బా చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాను. ఇప్పుడది కారం డబ్బా పక్కన ఉంటుంది.

నన్ను ఎక్కువగా కదిలించింది మాత్రం రిచర్డ్ యాషర్ అనే డాక్టరు. 1949లో ఆయన పద్నాలుగు మంది రోగుల గురించి రాశాడు. వాళ్లు పిచ్చివాళ్లుగా ముద్రపడి ఆయన కంటికి వచ్చినవాళ్లు. లేనివి కనిపించేవి, లేనివి వినిపించేవి, అయినవాళ్ల మీద అనుమానాలు. థైరాయిడ్ మందు ఇచ్చాక వారిలో ఎక్కువమంది బాగుపడ్డారు. అంటే అంతకుముందు ఎందరు బాగుపడకుండానే, పిచ్చాసుపత్రి గోడల మధ్య, తమ మీద పడిన పేరుతోనే పోయి ఉంటారు? మెదడు థైరాయిడ్ హార్మోను లేకుండా నడవదు. గ్రంథి పంపిన టీ4ను మెదడు తన దగ్గరే టీ3గా మార్చుకుని వాడుకుంటుంది. అది తగ్గితే మాట వెతుక్కోవాలి, లెక్క తప్పుతుంది, సంతోషం ఉన్నచోట కూడా అందదు. అందుకే దిగులుతో వచ్చిన మనిషికి థైరాయిడ్ పరీక్ష కూడా రాయడం మంచి డాక్టర్ల అలవాటు.

వాళ్లూ వీళ్లూ "ఉప్పు మార్చండి" అని నాకు చెప్పేవారు. నా జబ్బు ఉప్పుతో పోయేది కాదు. అయితే ఆ సలహా ఎక్కడి నుంచి వచ్చిందో వెతుకుతూ పోతే మన శ్రీకాకుళం మనిషి దగ్గర తేలాను. వులిమిరి రామలింగస్వామి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివినాయన. హిమాలయాల పాదాల దగ్గర కాంగ్రా లోయలో నేలలో అయోడిన్ కొట్టుకుపోయి జనానికి గొంతుల కింద గళగండాలు. 1956 నుంచి ఆ లోయను మూడు భాగాలుగా చేసి, రెండు భాగాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు ఇప్పించి చూశారు. అయోడిన్ ఉప్పు తిన్నచోట గళగండం బాగా తగ్గింది. 1962లో దేశమంతటికీ గళగండ నివారణ కార్యక్రమం వచ్చింది. అయోడిన్ చాలకపోతే కడుపులో బిడ్డ మెదడు కూడా సరిగా ఎదగదు. అలా పుట్టినవాళ్లను లోకం మందమతులనే అంటుంది. చిటికెడు ఉప్పులో ఉండవలసినది లేక వచ్చిన దాన్ని పుట్టుక మీద, తెలివి మీద రుద్దింది. మా ఇంట్లో జరిగింది అదేనని నాకు అనిపిస్తుంది.

మందు మొదలుపెట్టాను. 50 మైక్రోగ్రాములు, తర్వాత 100. తెల్లవారి లేవగానే పరగడుపున, గ్లాసుడు మంచినీళ్లతో. అరగంటైనా ఆగి గానీ కాఫీ తాగకూడదు, కాఫీ మందును ఒంటికి పట్టనివ్వదు. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం. ఈ మందు రక్తంలో సగానికి తగ్గడానికే వారం పడుతుంది, అందుకని మోతాదు మార్చిన ఆరు వారాలకు గానీ మళ్లీ పరీక్ష చేయరు. ఆ ఆరు వారాలూ పిన్ని రోజూ ఫోన్ చేసి నా గొంతు వినేది. మూడో వారంలో ఒక పొద్దున మా ఆయన ఫ్యాను వేస్తే నేను ఆపమనలేదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

ఒళ్లు అలా దారికొచ్చింది. నేను నా మీద రాసుకున్న తీర్పు చెరగడానికి మాత్రం ఏ మాత్రా లేదు. నాడి డెబ్భై రెండు కొడుతున్నా, పద్యాలు నాలుగు పాదాలూ వస్తున్నా, పొద్దున ఒక్క పది నిమిషాలు ఎక్కువ పడుకుంటే చాలు, లోపల ఎవరో "చూశావా" అనేవారు. ఈ జబ్బులో అసలు నష్టం ఇదేనని నా నమ్మకం. పోయిన జుట్టు కొంత వచ్చింది, పెరిగిన బరువు కొంత తగ్గింది. నా మీద నాకున్న నమ్మకం అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది.

ఇంట్లో కొత్త ఇబ్బంది ఒకటి మొదలైంది. ఏ విషయానికి నేను గట్టిగా మాట్లాడినా, "మాత్ర వేసుకున్నావా?" అనేవారు. ప్రేమతోనే అనేవారు. కానీ పిల్ల చదువు గురించో, డబ్బు గురించో న్యాయంగా వచ్చిన కోపాన్ని కూడా గ్రంథి ఖాతాలో వేసేస్తే, మాట్లాడేందుకు ఇక మనిషి ఎక్కడుంది? ఒకరోజు చెప్పేశాను. "వేసుకున్నానండీ. ఈ కోపం నాదే." ఆయన కాసేపు ఊరుకుని, "సరే, చెప్పు" అన్నారు. ఆ రోజు నుంచి ఆ ప్రశ్న మా ఇంట్లో వినపడలేదు.

మా పెదనాన్న కూతురికి ఇదే గ్రంథి ఎదురు తిరిగింది. దానికి ఎక్కువ, గ్రేవ్స్ జబ్బు. ఎంత తిన్నా చిక్కిపోయేది, చేతులు వణికేవి, నిద్ర లేదు, చీటికీ మాటికీ విరుచుకుపడేది. రెండేళ్లు దాన్ని అత్తవారింట గయ్యాళి అన్నారు. నన్ను సోమరి అన్నారు. ఇద్దరికీ పాతిక గ్రాములుండని గ్రంథి ఒక్కటే కారణం. ఒకే బళ్లో నా తోటి టీచరుది ఇంకో కథ. టీఎస్‌హెచ్ 6 వచ్చింది. నన్ను చూసి ఆశపడి మాత్ర మొదలుపెట్టింది. నాలుగు నెలలకు అంకె దిగింది, దిగులు దిగలేదు. దాని దిగులు వేరే. మానసిక వైద్యుడి దగ్గరికి తోడు వెళ్లాను. ఇప్పుడు కుదుటపడింది. గ్రంథిని చూడకుండా మనసును తిట్టడం ఎంత తప్పో, గ్రంథి దొరికిందని మనసును వదిలెయ్యడమూ అంత తప్పేనని నాకు అప్పుడు తెలిసింది.

మా నాన్న పోయిన పందొమ్మిది నెలలకు, ఒక తెల్లవారుజామున, మాత్ర వేసుకుని కాఫీ కోసం ఆగే అరగంటలో వాకిట మెట్టు మీద కూర్చున్నాను. పేపరబ్బాయి వచ్చి సైకిల్ స్టాండు వేశాడు. ఆ చప్పుడు. మా నాన్న శనివారాలు ఊరి నుంచి సైకిల్ మీద వచ్చేవారు, హ్యాండిల్‌కి కూర అరటికాయలు, సంచిలో పసుపు కొమ్ములు. గేటు ముందు అలాగే స్టాండు వేసి, "అమ్మడూ" అని పిలిచేవారు. పందొమ్మిది నెలలు ఎక్కడ ఉందో ఆ దుఃఖం, అంతా ఒక్కసారి వచ్చింది. పేపరబ్బాయి భయపడి "అమ్మగారూ, ఏమైందండీ" అంటున్నాడు. మా నాన్న పోయార్రా అన్నాను.

ఇదంతా జరిగి ఎనిమిదేళ్లు దాటింది. మొన్న ఆగస్టులో మా అమ్మాయి విశాఖపట్నం హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. క్లాసులకు లేవలేకపోతున్నానంది, ఏదీ చదవబుద్ధి కావడం లేదంది, ఒళ్లంతా బరువంది. నాలుక చివరి దాకా వచ్చిన మాట మింగేసి, "నీకు చలేస్తోందా తల్లీ?" అని అడిగాను. ఈ జబ్బు కుటుంబాల్లో నడుస్తుంది. పరీక్ష చేయించుకోమన్నాను. రెండు రోజులకు రిపోర్టు ఫోన్‌కి పంపింది. టీఎస్‌హెచ్ 2.1. అన్నీ మామూలే. దేవుడికి దణ్ణం పెట్టుకుని వెంటనే ఫోన్ చేశాను, ఏమీ లేదమ్మా, అంతా బాగుంది అని.

అవతల చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత సన్నగా, "అయితే అమ్మా, నాది ఉత్త బద్ధకమేనా?" అంది.

ఆ రాత్రి రైలుకే మా ఆయన నన్ను స్టేషన్లో దించారు.